ఎయిర్ రైఫిల్ స్కోప్ కింద కొడుతుంటే: టరెట్టా, షిమ్మా, మౌంటా, బ్యారెల్ వంచడమా?

బ్యారెల్ మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ గురిచూసే మామూలు సైట్లతో బాగానే కొడుతుంది. స్కోప్ బిగించగానే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) కిందికి పోతుంది. వాటిలో చాలావాటికి ముందు సైటు, వెనక సైటు రెండూ బ్యారెల్‌తో పాటే కదులుతాయి కాబట్టి బ్యారెల్ వాలినా తెలియదు. స్కోప్ కూర్చునేది వెనక సిలిండర్ మీద. వాలు అక్కడ బయటపడుతుంది.

ముందు పెల్లెట్ లేదని చూసుకుని, బ్యారెల్ మూసి పక్కలకు ఊపండి. ఏమాత్రం ఆడినా పివట్ బోల్టు (బ్యారెల్ మడిచేచోట ఉండే బోల్టు) సంగతి తేల్చాకే మిగతాది. వదులు పివట్ మీద ఏ సర్దుబాటూ నిలవదు.

టరెట్‌తోనే, అంటే స్కోప్ మీద గురి జరిపే గుండీతోనే సరిపెట్టడం అందరూ చేసేదే, అందరూ మోసపోయేదీ ఇక్కడే. టరెట్లను నడిమధ్యకు తెచ్చి 10 మీటర్లలో కాల్చినప్పుడు దెబ్బ 10 సెం.మీ. కింద పడిందనుకోండి. ఇందులో 4 సెం.మీ. దాకా స్కోప్ బ్యారెల్‌కు పైన ఉన్న ఎత్తుదే, బ్యారెల్ తప్పు కాదు. కానీ సరిచేయాల్సింది మొత్తం. టరెట్ ఒక్కో మెట్టు తిరగడమే క్లిక్; పావు నిమిషం (ఇది కోణపు నిమిషం, డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్ 10 మీటర్లలో 0.73 మి.మీ. జరుపుతుంది, అంటే 137 క్లిక్కులు. అంత పైకి తిప్పితే లోపలి స్ప్రింగు వదులై, ప్రతి కుదుపుకీ క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డం, నిలువు గీతలు) అటూ ఇటూ జరుగుతుంది. ఒకేచోట పడాల్సిన దెబ్బల గుంపు చెదురుతుంది, నింద పెల్లెట్ల మీద పడుతుంది.

తేడా 2, 3 సెం.మీ. అయితే షిమ్ (సందులో పెట్టే పలుచని రేకు) చాలు. స్కోప్‌ను పట్టుకునే వెనక రింగు కింది సగంలో, స్కోప్ ట్యూబు కింద పెట్టాలి. మందం లెక్క తేలికే: దెబ్బ ఎంత కింద పడిందో ఆ దూరాన్ని లక్ష్యం దూరంతో భాగించి, రింగుల మధ్య ఎడంతో గుణించండి. 3 సెం.మీ., 10 మీటర్లు, 100 మి.మీ. అయితే 0.3 మి.మీ. కూల్‌డ్రింక్ డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ., కాబట్టి మూడు పొరలు. మనం చెప్పుకున్న 10 సెం.మీ.కి 1 మి.మీ. కావాలి, అంత పెడితే రెండు రింగులు ఒకే గీతలో ఉండక ట్యూబు వంగుతుంది, రింగు గాట్లు పడతాయి.

అక్కడ వాలు సరిచేసే మౌంటే (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే భాగం) మేలు. వెనక ఎత్తుగా తయారైన ఒకే ముక్క మౌంటు ట్యూబును వంచదు. మరలతో ఎత్తు మార్చేవీ ఉన్నాయి, కానీ ఆ మరలు కుదుపుకు వదులవుతాయి.

బ్యారెల్ వంచడం ఆఖరి మాట. ఇనుము వెనక్కి లాక్కుంటుంది కాబట్టి కావాల్సినదానికంటే ఎక్కువ వంచి చూసుకోవాలి, అందులోనే అతి అవుతుంది. పలుచని గొట్టం మీద స్లీవ్ వేసిన బ్యారెళ్లను అసలు ముట్టుకోకండి.

దగ్గరలో ఎడమకు, దూరంలో కుడికి పడుతుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. స్కోప్ బ్యారెల్‌కు సరిగ్గా పైన లేదు, లేదా క్రాస్‌హెయిర్ పక్కకు తిరిగి ఉంది. రింగులు వదులు చేసి నిలువు గీతను సరిచేయాలి.

ఏ మౌంటు కొన్నా కింద స్టాప్ పిన్ (మౌంటు జరగకుండా ఆపే చీల) ఉందో లేదో చూడండి. స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకు మౌంటు పట్టాల మీద జరిగిపోతే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.