రూ.650 ఏసీ ప్రెషర్ స్విచ్: నాలుగు వేసవుల తర్వాత

నాది 2011 మోడల్ పెట్రోల్ కారు. రోజూ పొద్దున విజయవాడ నుంచి గుంటూరు, సాయంత్రం మళ్లీ వెనక్కి. 2022 ఏప్రిల్‌లో దాని ఏసీకి ఒక ప్రెషర్ స్విచ్ (గ్యాస్ ప్రెషర్ తేడా వస్తే ఏసీని ఆపేది) మార్చాను. కంపెనీ సామాను కాదు, బయటి తయారీ. ఆటోనగర్‌లో రూ.650కి దొరికింది. కొన్న వారంలో రాస్తే 'బాగా పనిచేస్తోంది' అనడం తప్ప ఏం రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు నాలుగు రోహిణి కార్తెలు చూసింది కాబట్టి రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఏసీ చల్లగానే వచ్చేది. మంగళగిరి దాటేసరికి వేడిగాలి. ఐదు నిమిషాలు ఉడికించి మళ్లీ చల్లబడేది. చక్రం గుంతలో పడితే కంప్రెసర్‌ని (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ఇంజన్‌కి కలిపే క్లచ్ టక్కుమని ఆగేది, ఇంకో గుంతకి టక్కుమని అందుకునేది. "దీనికన్నా ఆర్టీసీ బస్సు నయం రా, కిటికీ తీసుకునైనా కూర్చోవచ్చు" అని మా అమ్మ వెనక సీట్లోంచి.

మొదట చూపించిన గ్యారేజీలో గ్యాస్ తగ్గిందన్నారు. నింపి రూ.1,400 తీసుకున్నారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. రెండోసారి వెళ్తే కంప్రెసర్ పోయింది, 18 వేలు అవుతుందన్నారు. గేజీ (గ్యాస్ ప్రెషర్ కొలిచే మీటరు) పెట్టి చూపించండి అంటే "అక్కర్లేదు సార్, అనుభవం" అన్నాడు. ఆ మాటకి ఒళ్లు మండి, అదే వారం గేజీల సెట్టు నేనే కొనుక్కున్నాను. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఈ స్విచ్ కండెన్సర్ (కారు ముందు భాగంలో గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) నుంచి లోపలికి వెళ్లే పైపు మీద బొటనవేలంత ఉంటుంది. నా కారులో దానికి రెండే వైర్లు. పైపులో ప్రెషర్ దాదాపు 2 బార్ (సుమారు 30 పీఎస్ఐ) కంటే తగ్గినా, 32 బార్ (సుమారు 460 పీఎస్ఐ) దాటినా లోపల కాంటాక్ట్ విడిపోతుంది. కంప్రెసర్‌కి కరెంటు కలిపే రిలేకి కరెంటు అందదు, కంప్రెసర్ ఆగుతుంది. అంటే దీనికి ఉన్న ఉద్యోగమే ఆపడం. అందుకే ఏసీ ఆగిందని వెంటనే దీన్ని తిట్టకూడదు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆపినప్పుడు ఇది నిజం చెప్పిందా, అబద్ధం చెప్పిందా?

నేను తేల్చుకున్న పద్ధతి ఇది. తెల్లారి ఇంజన్ చల్లగా ఉండగా గేజీలు తగిలించాను. అప్పుడు వేడి 30 డిగ్రీలు, రెండు గేజీలూ 95 పీఎస్ఐ చుట్టుపక్కల నిలబడ్డాయి. నా కారు ఏసీలో ఉండే 134ఏ గ్యాస్‌కి ఆ వేడిలో ఉండాల్సిన అంకె అదే. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ అంకె వచ్చిందంటే గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా అదే చూపిస్తుంది. స్విచ్‌ని కలిపి ఉంచడానికి సరిపడా ప్రెషర్ ఉందని మాత్రమే దాని అర్థం.

తర్వాత ఇంజన్ వేసి, ఏసీ ఆన్ చేసి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, స్విచ్ కనెక్టర్ ఊడదీయకుండానే వెనకనుంచి రెండు గుండుసూదులు దూర్చి కొలిచాను. స్విచ్ సరిగా కలిసి ఉంటే రెండు వైర్ల మధ్య సున్నా రావాలి. పావుగంట సున్నానే వచ్చింది. ఇంజన్ బాగా కాగాక 3, 6, ఉన్నట్టుండి 13 దాటింది, క్లచ్ ఆగింది. ఆ క్షణంలో గేజీలు చూస్తే హై సైడు (కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి పంపే వైపు) 220, లో సైడు (గ్యాస్ వెనక్కి వచ్చే వైపు) 40. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో స్విచ్‌ని మెల్లగా తట్టాను, మీటరు సున్నాకి వచ్చింది, క్లచ్ పట్టుకుంది. దొంగ దొరికాడు!

కనెక్టర్ ఊడదీస్తే లోపల జిడ్డు, పిన్నుల మీద పచ్చటి చిలుము. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంటుంది కదా, అది స్విచ్ లోపలినుంచి కారి బయటకొచ్చింది. స్ప్రే కొట్టి తుడిస్తే మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు వారధి మీద మళ్లీ వేడిగాలి. ఊరుతున్న స్విచ్‌ని తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే.

ఆటోనగర్‌లో కంపెనీది రూ.2,400, బయటిది రూ.650, పాత కారులోంచి తీసింది రూ.200. షాపాయన నాలుగో దారి కూడా చెప్పాడు: "డబ్బులెందుకు సార్ దండగ, రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసేసుకోండి." మా ఆఫీసులో ఒకాయన కారుకి అలాగే చేశారు. ఎక్కడో సన్నగా లీకై గ్యాస్ మెల్లగా పోయింది. స్విచ్ ఉంటే తక్కువ ప్రెషర్ దగ్గరే ఆపేసేది. లేదు కాబట్టి కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. గ్యాస్ లేకపోతే ఆయిల్ కూడా వెనక్కి రాదు, కంప్రెసర్ పట్టేసింది. పరీక్ష కోసం కొన్ని సెకన్లు కలిపి చూడ్డం వేరు, టేపు చుట్టి వదిలేయడం వేరు.

బిగింపు సులువే, ఒక షరతు మీద. నా కారులో స్విచ్ కింద టైరు వాల్వు లాంటి చిన్న వాల్వు ఉంది. స్విచ్ విప్పితే తుస్సుమని ఒక్క శబ్దం వచ్చి, వాల్వు మూసుకుంటుంది. అన్ని కార్లకూ అలా ఉండదు. లేని కారులో విప్పితే గ్యాస్ మొత్తం మొహం మీదకి తన్నుకొస్తుంది. అది ద్రవంగా తగిలితే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది. మీ మోడల్‌కి ఆ వాల్వు ఉందో లేదో పక్కాగా తెలియకపోతే గ్యాస్ మెషీన్‌తో లాగించాకే విప్పించండి. ఉన్నా సరే గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. నేను కొత్త ఓ-రింగ్‌కి (లీకవ్వకుండా వేసే రబ్బరు రింగు) ఏసీ ఆయిల్ రాసి, చేత్తో బిగించి, స్పానర్‌తో కొంచెం మాత్రమే తిప్పాను. సబ్బు నురగ రాసి చూస్తే బుడగ రాలేదు.

మొదటి రెండు వేసవులూ దీని ఊసే ఎత్తాల్సిన పని పడలేదు. స్విచ్‌కి అంతకన్నా మంచి సర్టిఫికెట్ లేదు. ఒక్కటే లోపం. కనెక్టర్ లాక్ కంపెనీదానిలా క్లిక్‌మని కూర్చోదు, కొంచెం వదులు. ప్లాస్టిక్ టై వేసి కట్టాను.

2024 మేలో మళ్లీ మొదలైంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. చవకది కొన్నందుకు అనుభవించు అని నన్ను నేనే తిట్టుకుని, ఈసారి మీటరు కూడా తీయకుండా రూ.2,400 పోసి కంపెనీ స్విచ్ తెచ్చి వేశాను. మర్నాడు అదే సిగ్నల్, అదే వేడిగాలి.

అప్పుడు గేజీలు తీశాను. బండి నిలబెట్టి చూస్తుండగానే హై సైడు 300, 350, 400. 450 దాటాక టక్కుమని ఆగింది. ప్రెషర్ 370 దాకా దిగాక మళ్లీ అందుకుంది. స్విచ్ అణువంత కూడా తప్పు చేయడం లేదు. కండెన్సర్ ముందు ఫ్యాను తిరగడం లేదు. దాని మోటారు బ్రష్‌లు అరిగిపోయాయి. పైగా కండెన్సర్ రేకుల్లో దుమ్ము, దూది, పురుగులు. కారు పరిగెత్తుతుంటే ఎదురుగాలికి కండెన్సర్ చల్లబడుతుంది, అందుకే హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. సిగ్నల్ దగ్గర గాలీ లేదు, ఫ్యానూ లేదు. 2022లో కారు రోడ్డు మీద పోతుండగా ఏసీ ఆగేది, 2024లో కారు ఆగినప్పుడే ఆగేది. ఈ తేడా ముందే తట్టి ఉంటే ఆ డబ్బులు మిగిలేవి. "అనుభవం సార్" అన్న మెకానిక్‌ని వెక్కిరించిన నేను చేసింది కూడా సరిగ్గా అదే.

ఫ్యాను మోటారు మార్పించి, కండెన్సర్‌ని తక్కువ ధారతో కడిగాను. పెద్ద ప్రెషర్‌తో కొడితే రేకులు వంగిపోతాయి. ఇప్పుడు 38 డిగ్రీల ఎండలో నిలబెట్టినా హై సైడు 250 దగ్గరే ఉంటోంది. తర్వాత పంతం కొద్దీ పాత రూ.650 స్విచ్‌నే మళ్లీ బిగించాను. 2025 వేసవి కూడా దాంతోనే గడిచింది.

గేజీల సెట్టు గురించి రెండు మాటలు. రూ.2,800 పెట్టాను. గేజీలు నమ్మకంగానే ఉన్నాయి, గ్యాస్ షాపువాళ్ల దానితో పోల్చి చూశాను. గొట్టాల చివర్లలోని రబ్బరు వాషర్లు మాత్రం ఏడాదికే గట్టిపడి లీకయ్యాయి, రెండుసార్లు మార్చాను. కొనేవాళ్లు వాషర్లు విడిగా దొరికే సెట్టు చూసి కొనండి. మల్టీమీటర్ రూ.400ది చాలు.

స్విచ్‌కి ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు వదులు లాక్‌కి పోయింది. ఇంజన్ వేడికి ప్లాస్టిక్ టై పెళుసెక్కి విరుగుతుంటుంది, ఇప్పటికి మూడోది వేశాను. కంపెనీ స్విచ్ డాష్‌బోర్డు అరలో కవరు చుట్టి పెట్టుంది. ఇదే మోడల్ వాడేవాళ్లెవరైనా సగం ధరకి తీసుకుంటే ఇచ్చేస్తాను, వాడింది ఒక్క రోజే.