రేసుకు ముందు సైకిల్ సర్వీసుకు ఇవ్వాలంటే హన్మకొండలో ఈ షాపే

స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు, మధ్యలో ఎక్కడా ఆగేది ఉండదు కాబట్టి సైకిల్ సతాయిస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా నీళ్లపాలే. హన్మకొండ చౌరస్తా దగ్గరి గల్లీలో ఉన్న ఈ చిన్న షాపుకు నా రోడ్ బైక్ తీసుకెళ్లా. అన్న ముందు పెడల్ తిప్పి కాసేపు చప్పుడు విన్నాడు, తర్వాత చైన్ మీద గేజ్ పెట్టి ఎంత సాగిందో నాకే చూపించాడు. ఇలాగే తొక్కితే గేర్ల పళ్లు కూడా అరుగుతాయని చెప్పి చైన్ ఒక్కటే మార్చాడు. పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, క్యాసెట్ (వెనక చక్రానికుండే గేర్ల సెట్) మార్చొద్దన్నాడు. అమ్ముకునే అవకాశం ఉండి కూడా వద్దన్నాడు చూడండి, అక్కడే నమ్మకం కుదిరింది. టైర్లలో గాలి కూడా నా బరువు అడిగి మరీ కొట్టాడు.

రేసులో ఈతకు దిగే ముందే సైకిల్‌ను తేలిక గేర్‌లో పెట్టి నిలబెట్టుకోమని ఆయనే చెప్పాడు. నీళ్లలోంచి రొప్పుతూ వచ్చి ఎక్కితే మొదటి తొక్కుడే హాయిగా పడింది, ధర్మసాగర్ రోడ్డు ప్రాక్టీసులో విసిగించిన టకటక మళ్లీ వినిపించలేదు. సైకిల్ దిగాక కాళ్లు మొద్దుల్లా అయ్యాయి, అది మాత్రం ఏ మెకానిక్ చేతిలోనూ లేదు!

రోడ్ బైక్ పార్టులు హైదరాబాద్ నుంచి తెప్పించాలి, రేసుకు రెండు వారాల ముందే ఇవ్వండి.