డెల్టా నేల మీద షాట్ బ్లాస్టింగ్ మెషిన్: దాదాపు పదేళ్లు నడిపాక రాస్తున్న సమీక్ష

తణుకు, భీమవరం మధ్య ఒక చిన్న ఫౌండ్రీలో మెయింటెనెన్స్ పని నాది. మేం పోసేదంతా పోత ఇనుము సరుకే. రైస్ మిల్లు పార్టులు, పంపు బాడీలు, పుల్లీలు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లకు బ్రాకెట్లు. 2015లో మా ఓనరు గారు టంబ్లాస్ట్ రకం షాట్ బ్లాస్టింగ్ మెషిన్ ఒకటి కొన్నారు. లోపల రబ్బరు బెల్టు మీద క్యాస్టింగులు, అంటే పోత పోసిన పార్టులు, దొర్లుతూ ఉంటాయి. పైనుంచి ఎనిమిది బ్లేడ్ల చక్రం ఒకటి, మిల్లీమీటరు కంటే చిన్న ఉక్కు గుండ్లను (వీటినే షాట్స్ అంటాం) సెకనుకు డెబ్బై, ఎనభై మీటర్ల వేగంతో వాటి మీదకు విసిరికొట్టి, అంటుకున్న పోత ఇసుకని రాల్చేస్తుంది. చక్రానికి 15 హెచ్‌పీ మోటారు. షాట్స్‌ని పైకి తోడే బకెట్ ఎలివేటర్, ఇసుకని వేరుచేసే సెపరేటర్, బ్యాగుల డస్ట్ కలెక్టర్ దానితోపాటే వచ్చాయి.

అమ్మిన కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు మెషిన్లు ఎవరివి చూసినా ఇంచుమించు ఒకే పోలికలో ఉంటాయి. మన వైపు ఫౌండ్రీ గానీ ఫ్యాబ్రికేషన్ షెడ్డు గానీ పెట్టుకున్నవాళ్లు తెలుసుకోవలసింది, ఈ నేల మీద, ఈ గాలిలో ఈ యంత్రం ఎలా నిలబడుతుందని. నా అనుభవంలో మెషిన్ మంచిదే. వైర్ బ్రష్షులతో ఇద్దరు మనుషులు రోజంతా గీకినా రాని శుభ్రత దీనిలో పావుగంటలో వస్తుంది. కానీ దీన్ని గీసినవాళ్లు పొడి నేలనీ, పొడి గాలినీ దృష్టిలో పెట్టుకుని గీశారు. మన దగ్గర తేమకీ ఇసుకకీ కాపలా కాస్తేనే ఇది పనిచేస్తుంది. మిగతా రిపేర్లన్నీ నా లెక్కలో చిన్నవి.

ముందు గొయ్యి సంగతి. మెషిన్‌తో వచ్చిన డ్రాయింగులో ఎలివేటర్ అడుగు భాగం నేలమట్టానికి కింద, గోతిలో ఉంది. క్యాస్టింగులు వేసే తలుపు మనిషి నడుము ఎత్తులో ఉంటుందని అలా గీస్తారు. గట్టి నేల ఉన్న ఊళ్లలో దానితో ఏ ఇబ్బందీ లేదు. మాకు పక్కనే పంట కాలువ. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు మెషిన్ బిగించారు, అప్పుడు గొయ్యి ఎండిపోయి ఉంది. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలారు, కాలువ నిండింది, ఆ వెనకే గోతి గోడల్లోంచి ఊట మొదలైంది. ఎలివేటర్ అడుగున ఒలికిన షాట్స్ ఆ తడికి తుప్పు పట్టి, సన్నదుమ్ముతో కలిసి గడ్డకట్టేవి. గునపంతో పొడిస్తే గానీ ఊడేవి కావు. కింది పుల్లీ బేరింగు తడికి పాడైంది. ఎలివేటర్ బెల్టు జారడం మొదలుపెట్టింది. బెల్టు జారితే పైకి షాట్స్ వెళ్లవు, చక్రానికి మేత అందదు.

కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు బెల్టు బిగించి వెళ్లాడు. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ ఒక సీజను నిలబడింది. మా పెద్ద ఫిట్టరు అయితే మొదటి నుంచీ ఒకటే మాట. “ముందు ఆ గొయ్యి పూడ్చేయండి బాబూ, బెల్టు సంగతి తర్వాత చూద్దాం.” చివరికి అదే చేశాం. ఇంకో ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజుల్లో మెషిన్ విప్పి, గొయ్యి పూడ్చి, కాంక్రీటు దిమ్మె మీద దాన్ని పైకి ఎత్తాం. తలుపు ఎత్తు పెరిగింది కాబట్టి క్యాస్టింగులు పోయడానికి స్కిప్ లోడరు, అంటే సరుకుని తొట్టెతో పైకెత్తి ఒంపేది, పెట్టాం. ఖర్చు బాగానే అయింది. కానీ ఆ తర్వాత ఏ వానాకాలమూ ఎలివేటర్ అడుగున నీళ్లు చూడలేదు. డెల్టాలో ఈ మెషిన్ కొనేవాళ్లు గొయ్యి లేని మోడలే అడగండి. అమ్మేవాళ్లు “మేం చాలాచోట్ల ఇలాగే వేశాం” అంటారు. మీ చుట్టుపక్కల బావిలో ఆగస్టు నెలలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉంటాయో చూసి జవాబు చెప్పండి.

నేల తడి అలా పోయింది, గాలి తడి ఎక్కడికీ పోదు. రాత్రంతా ఆగిన మెషిన్‌లో షాట్స్ మీద చెమ్మ దిగుతుంది, ముఖ్యంగా వానాకాలంలోనూ, డిసెంబరు, జనవరి మంచు రోజుల్లోనూ. పొద్దున్నే మెషిన్‌ని ఆ చెమ్మ ఆరడానికి ఖాళీగా తిప్పితే షాట్స్ నేరుగా రబ్బరు బెల్టుని కొడతాయి, దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అందుకని మేం మొదటి లోడు ఎప్పుడూ రన్నర్లు, రైజర్లు (పోత దారుల్లో గడ్డకట్టి మిగిలే ఇనుప ముక్కలు) వేస్తాం. అవి ఎలాగూ తిరిగి ఫర్నేస్‌లోకి వెళ్లేవే. వాటి మీద ఇసుక పోతే కరిగించేటప్పుడు చిట్టెం తక్కువ వస్తుంది, ఈలోగా షాట్స్ వేడెక్కి ఆరిపోతాయి. రెండో లోడు నుంచి అసలు సరుకు. పోత వేడి తగ్గని క్యాస్టింగుల్ని తొందరపడి లోపల వేయనివ్వను, రబ్బరు బెల్టు కాలుతుంది.

ఇక ఇసుక. ఈ మెషిన్‌ని లోపలి నుంచి తినేసేది అదే. బయటివాళ్లు చక్రాన్ని చూసి ముచ్చటపడతారు గానీ, నేను రోజూ మొదట ఎక్కి చూసేది సెపరేటరు. పని చాలా సులువైనది. షాట్స్, ఇసుక, దుమ్ము కలిసి పైనుంచి పల్చని తెరలా జారుతుంటే అడ్డంగా గాలి లాగుతుంది. ఉక్కు సాంద్రత 7.8, ఇసుకది 2.65. బరువైనది నిటారుగా పడుతుంది, తేలికైనది గాలికి పక్కకి పోతుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ కీలకం ఆ తెర. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మందంలో, ఎక్కడా ఖాళీ లేకుండా పడాలి. ఒక పక్క ఖాళీ వస్తే గాలంతా ఆ సందులోంచే పోతుంది, మిగిలిన చోట ఇసుక షాట్స్‌తో పాటే కిందికి దిగి మళ్లీ చక్రంలోకి చేరుతుంది. మెషిన్‌లో షాట్స్ తగ్గినప్పుడు ముందుగా చెదిరేది ఈ తెరే. కాబట్టి కొత్త షాట్స్ నెలకోసారి బస్తాలకు బస్తాలు కుమ్మరించకుండా, రోజూ కొంచెం కొంచెం కలుపుతాం. మేం వాడేది ఎస్-330, అంటే సుమారు 0.84 మిల్లీమీటర్లు. కొత్తవి పెద్దవి కాబట్టి గట్టిగా అంటుకున్న పొరని పగలగొడతాయి, అరిగి చిన్నవైనవి మూలల్లో దూరి తుడుస్తాయి. ఆ కలగలుపు చెడకూడదు. ఒకేసారి అన్నీ కొత్తవే వేస్తే సరుకు గరుకుగా వస్తుంది, బ్లేడ్లూ తొందరగా అరుగుతాయి.

ఇసుక ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. సెపరేటరు కింద హాప్పర్లోంచి వంద గ్రాములు తీసి, కాగితం మీద పరిచి, అయస్కాంతంతో ఉక్కునంతా లాగేయాలి. మిగిలింది ఇసుక. అది ఒక గ్రాము దాటితే ఆ రోజు సెపరేటరు సరిచేశాకే మెషిన్ ఆన్ చేస్తాం. పంపు బాడీల లోపల కోరు ఇసుక (లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక అచ్చుది) ఎక్కువ ఉంటుంది. దాన్ని ఫెట్లింగ్ దగ్గరే, అంటే సరుకుని గీకి సాపు చేసే చోటే, దులిపించి పంపమని ఎన్నిసార్లయినా చెబుతాను. హై క్రోమ్ బ్లేడ్లు షాట్స్‌కి ఓర్చుకుంటాయి, ఇసుకకి ఓర్చుకోలేవు. ఇసుక లేకపోతే నెలల తరబడి వచ్చే సెట్టు, ఇసుక తగిలితే వారాల్లో పోతుంది.

బ్లేడు అరిగిందో లేదో చూడటానికి కరెంటు పూర్తిగా తీసేసి, ఫ్యూజులు జేబులో వేసుకుని, చక్రం తనంతట తాను ఆగేదాకా ఆగాలి. స్విచ్ ఆపినా అది నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. కవరు తీశాక బ్లేడు పని చేసే ముఖం మీద గోరు పెట్టి నిలువునా లాగండి. మంచి బ్లేడు మీద గోరు నున్నగా జారుతుంది. అరిగినదాని మీద నడుమ నుంచి కొస వరకు గాడి తగులుతుంది, కొస దగ్గర అంచు కత్తిలా పల్చబడి ఉంటుంది. మందం సగానికి వస్తే మార్చేయాలి. మారిస్తే ఎనిమిదీ ఒకేసారి. ఎదురెదురు బ్లేడ్ల బరువుల్లో ఐదు గ్రాముల కన్నా తేడా ఉండకూడదు. మేం చిన్న డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటీ తూచి, మార్కర్‌తో బరువు రాసి జతలు కడతాం. ఈ తూకం దగ్గర బద్ధకిస్తే చక్రం వణుకుతుంది, ఆ వణుకు బేరింగుల ప్రాణం తీస్తుంది. బ్లేడ్లు పెళుసు, సుత్తితో కొట్టి ఎక్కించకండి.

బ్లేడ్లతోపాటు కంట్రోల్ కేజ్ (చక్రం నడుమ కదలకుండా ఉండే గొట్టం) కిటికీ కూడా చూడాలి. షాట్స్ ఏ వైపుకి ఎగరాలో నిర్ణయించేది ఆ కిటికీ. దాని అంచు అరిగిందంటే దెబ్బంతా క్యాస్టింగుల మీద కాకుండా గోడలకి రక్షణగా బిగించిన మాంగనీస్ ఉక్కు పలకల మీద పడుతుంది. కరెంటు ఖర్చవుతుంది, సరుకు మాత్రం శుభ్రం కాదు. అనుమానం వస్తే, బెల్టు తిప్పకుండా దాని మీద ఒక ఇనుప ప్లేటు కదలకుండా అమర్చి, ఇరవై సెకన్లు చక్రం నడిపి ఆపుతాం. చక్రం పూర్తిగా నిలిచాక చెయ్యి పెడితే దెబ్బ ఎక్కువ పడిన చోటు వెచ్చగా తెలుస్తుంది. అది ప్లేటు మధ్యలో ఉండాలి. కేజ్ విప్పే ముందు ఉలితో గుర్తు పెట్టుకుంటే తిరిగి బిగించడానికి తడబాటు ఉండదు.

అమ్మీటరు గురించి మాన్యువల్‌లో రెండు వాక్యాలు ఉంటాయి. నిజానికి రోజంతా చూడవలసింది దాన్నే. ఈ మోటారు ఫుల్ లోడు ఇరవై ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. పదీ పన్నెండు దగ్గరే ముల్లు ఊగుతుంటే చక్రానికి షాట్స్ చాలడం లేదని అర్థం. కానీ మా ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. రాత్రిళ్లు చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒకేసారి నడుస్తాయి, ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ తగ్గితే అదే పనికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ముల్లు చూసి షాట్స్ బాగా పడుతున్నాయనుకుంటాం, నిజానికి పడవు. అందుకని అమ్మీటరు పక్కనే ఓల్ట్ మీటరు పెట్టించాను, రెండూ కలిపి చదవమని ఆపరేటర్లకు నేర్పాను. ఓల్టేజీ మరీ తక్కువైతే రాత్రి షిఫ్టులో బ్లాస్టింగ్ ఆపేస్తాం.

ఉప్పు సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెరువుల వాళ్లు పాత ఏరేటర్ ఫ్రేములు, తుప్పు పట్టిన పంపు బాడీలు జాబ్ వర్క్ కోసం తెస్తారు. ఉప్పునీటి చెరువుల్లో ఏళ్లు నానిన ఇనుము అది. దాన్ని నేరుగా మెషిన్‌లో వేస్తే తుప్పుతో పాటు ఉప్పు కూడా షాట్స్‌లోకి చేరుతుంది. ఒకసారి అలాంటి లోడు నడిచాక, మర్నాడు మా కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, రాత్రి కొట్టిన సరుకంతా ఎర్రగా అయిపోయిందండి.” కొత్త పోత సరుకే, కానీ ఉప్పు కలిసిన షాట్స్ తగిలాయి. అప్పటి నుంచి బయటి సరుకుని మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి గానీ లోపల వేయం. రొయ్యల రైతులు నీళ్లు చూసుకునే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) ఒకటి కొన్నాం. బాటిల్ ఆర్వో నీళ్లలో గుప్పెడు షాట్స్ వేసి బాగా ఊపి, ముందూ తర్వాతా రీడింగు చూస్తాం. బాగా పెరిగితే ఉప్పు ఉన్నట్టే. నీళ్ల మీద నూనె పొర తేలితే అదీ కనిపిస్తుంది. జిడ్డు సరుకు డస్ట్ కలెక్టర్ బ్యాగుల్ని కూడా పాడుచేస్తుంది.

బ్లాస్టింగ్ అయిన ఇనుముకి ఒంటి మీద గుడ్డ లేనట్టే లెక్క. నాలుగు గంటల్లోపు ప్రైమరు కొట్టమంటారు, మన వానాకాలంలో నేను రెండు గంటలు కూడా ఆగనివ్వను. మంచు పొద్దుల్లో ఇనుము ఉష్ణోగ్రత డ్యూ పాయింటు (గాలిలో తేమ నీళ్లుగా దిగే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకపోతే పెయింటు కింద కంటికి కనబడని తడి ఉండిపోతుంది.

డస్ట్ కలెక్టర్ విషయంలో మాత్రం రాజీ పడకండి. ఆ దుమ్ములో సన్న సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. మా షెడ్డులో పనిచేసేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు, వాళ్ల నాన్నల్ని కూడా నేను ఎరుగుదును. దుమ్ము డ్రమ్ము ఖాళీ చేసేవాడికి సరైన మాస్కు లేకుండా ఆ పని చెప్పను. బ్యాగుల ముందూ వెనకా పీడనం తేడా నీటిమట్టంలో 150 మిల్లీమీటర్లు దాటిందంటే బ్యాగులు మూసుకుపోయినట్టు. అప్పుడు సెపరేటరుకి గాలి చాలదు, ఇసుక మళ్లీ మొదలు. ఆగస్టులో కంప్రెసర్ ట్యాంకు నీళ్లు ప్రతి షిఫ్టూ వదలకపోతే, బ్యాగుల్ని దులపాల్సిన గాలే వాటి మీద దుమ్ముని బురద చేస్తుంది.

అల్యూమినియం గేర్‌బాక్స్ కవర్లు కొట్టి పెట్టమని చాలామంది అడుగుతారు. ఎంత తెలిసినవాళ్లయినా ఒప్పుకోను. ఇనుప తుప్పు దుమ్ము, అల్యూమినియం దుమ్ము ఒకే కలెక్టర్‌లో కలిస్తే నిప్పురవ్వ చాలు, పేలుతుంది.

స్పేర్ల విషయానికొస్తే బేరింగులు, వీ బెల్టులు, ఎలివేటర్ బకెట్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. బ్లేడ్లు, షాట్స్‌ని వాటికి అందించే ఇంపెల్లర్, కేజ్ మాత్రం కంపెనీ నుంచే రావాలి, వచ్చేసరికి వారాలు పడుతుంది. ఒక పూర్తి సెట్టు ఎప్పుడూ స్టోర్లో ఉంచుతాను. కొటేషన్ అడిగేటప్పుడే స్పేర్ల ధరల పట్టిక కూడా రాతపూర్వకంగా తీసుకోండి. దానితోపాటు గొయ్యి లేని ఫౌండేషన్ డ్రాయింగు, ఒక సైజు పెద్ద డస్ట్ కలెక్టరు అడగండి. బేరం చేసి ధర తగ్గించుకోదలిస్తే రంగులోనో, ప్యానెల్ బోర్డు హంగుల్లోనో తగ్గించుకోండి, ఈ మూడింట్లో వద్దు.