ఆరేళ్లుగా వాడుతున్న ఇంగ్లీష్ గ్రామర్ గైడు: నా అనుభవం

ముమ్మిడివరంలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. అమలాపురంలో 140 రూపాయలకు కొన్న ఈ గైడుతోనే నాలుగైదు బ్యాచ్‌లు గట్టెక్కాయి. వానాకాలం చెమ్మకు పేజీలు ఉబ్బాయి, అట్ట ఊడింది. ఇప్పుడు రబ్బరు బ్యాండు వేసి దాస్తున్నాను.

ఇందులో నాకు నచ్చింది ప్రశ్నలు అడిగించే తీరు. మాటను విడిగా చూసి పేరు పెట్టొద్దు, అక్కడ అది ఏం పని చేస్తోందో చూడు అంటుంది. దాన్ని నేను కోటిపల్లి రేవు మీద పెట్టి చెబుతాను. 'ది ఎర్లీ ఫెర్రీ' అంటే ఎలాంటి పంటు? ఎర్లీ ఇక్కడ పంటు గురించి చెబుతోంది, కాబట్టి అడ్జెక్టివ్ (విశేషణం). 'ది ఫెర్రీ లెఫ్ట్ ఎర్లీ' అంటే ఎప్పుడు బయల్దేరింది? ఇక్కడ బయల్దేరడం గురించి చెబుతోంది, కాబట్టి అడ్వర్బ్ (క్రియా విశేషణం). రోజూ రేవు దాటే పిల్లలకు ఇక మళ్లీ చెప్పక్కర్లేదు.

కానీ 'చివర లీ ఉంటే అడ్వర్బ్' అని పెద్ద అక్షరాలతో ఒక డబ్బా కట్టారు చూడండి, అదే కొంప ముంచింది. ఫ్రెండ్లీ, లవ్లీ అడ్జెక్టివ్‌లు కదా! పైగా 'హీ వర్క్‌డ్ హార్డ్'లో హార్డ్ అడ్జెక్టివ్ అని జవాబుల పేజీలో వేశారు. అది అడ్వర్బే. దానికి లీ తగిలించి 'హార్డ్లీ వర్క్‌డ్' అంటే మనిషి దాదాపు పనే చేయనట్టు.

అసలు లోటు వేరే ఉంది. మన 'గా' గురించి ఒక్క ముక్క లేదు. 'తాపేశ్వరం కాజా తియ్యగా ఉంది' అనే అలవాటుతో ఏటా ఎవరో ఒకరు 'ది కాజా టేస్ట్స్ స్వీట్లీ' అని రాస్తారు. 'తియ్యగా పాడింది'లోనూ గా ఉంది మరి, పిల్లల తప్పేముంది? అందుకే క్రియ తీసేసి 'ఈజ్' పెట్టి చూడమంటాను. 'ది కాజా ఈజ్ స్వీట్', అర్థం చెడలేదు, కాబట్టి స్వీట్ చాలు. 'షీ శాంగ్ స్వీట్లీ'లో ఈజ్ పెడితే పాట ఎగిరిపోయి మనిషి మిగులుతుంది. అక్కడ స్వీట్లీ ఉండాల్సిందే. ఇదంతా పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకున్నాను.

పోటీ పరీక్షల వాళ్లకు మాత్రం ఇది చాలదు. ప్రిపొజిషన్‌కీ అడ్వర్బ్‌కీ తేడా అర పేజీలో తేల్చేశారు.

మొన్న కొత్త ముద్రణ కొన్నాను. ఆ 'హార్డ్' జవాబు అలాగే ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేశాకే పిల్లల చేతికిచ్చాను.