దేవుని అధికారం, నాయకుల అధికారం: ఒక బైబిలు పాఠ్యక్రమంపై సమీక్ష

దేవుని సర్వాధికారానికి లోబడి జీవించడమనే అంశంపై 8 పాఠాలుగా రూపొందించిన ఒక ఆన్‌లైన్ బైబిలు పాఠ్యక్రమాన్ని ఇటీవల పూర్తి చేశాను. ఒక్కో పాఠానికి సుమారు 45 నిమిషాల ఆడియో ప్రసంగం, దానికి తోడుగా అభ్యాస పుస్తకం ఉన్నాయి. నిర్వాహకుల పేరు నేను కావాలనే చెప్పడం లేదు. ఇందులో కనబడిన బలమూ, లోపమూ వారి ఒక్కరివే కావు, ఈ విషయంపై వినబడే అనేక బోధల్లో ఉన్నవే.

మొదటి పాఠం దానియేలు గ్రంథం 4వ అధ్యాయంతో ఆరంభమవుతుంది. బబులోను తన బలంతో తాను కట్టుకున్నదేనని రాజనగరులో సంచరిస్తూ అతిశయించిన ఆ దేశపు రాజు నెబుకద్నెజరు మనుష్యులలోనుండి తరమబడి, పశువులవలె గడ్డి మేసి, ఆకాశంవైపు కన్నులెత్తిన తరువాతనే తిరిగి బుద్ధి పొందిన వృత్తాంతం అది. ఆ అధ్యాయంలో చాలా భాగం రాజు స్వయంగా సకల జనులకు పంపిన ప్రకటనగా ఉన్నదని, అంటే తన అవమానాన్ని తానే చాటించాడని బోధకుడు చూపిన తీరు బాగుంది.

అన్నింటిలోకీ ఉత్తమమైనది మూడవ పాఠం. మత్తయి 8వ అధ్యాయంలో, రోగియైన తన దాసుని బాగుచేయమని వేడుకొన్న శతాధిపతి, అంటే నూరుమంది సైనికులపై అధికారి, యేసుతో మాట్లాడుతూ, తన చేతిక్రింద సైనికులున్నారని చెప్పడానికి ముందే తానూ అధికారానికి లోబడినవాడనని చెబుతాడు. అతని ఆజ్ఞకు బలం అతని సొంతం కాదు, పైనుండి వచ్చినది. కనుకనే యేసు మాట వెనుక ఎవరి అధికారం ఉన్నదో అతడు గుర్తించగలిగాడు, తన యింటికి రానక్కరలేదని, మాట మాత్రం సెలవిస్తే చాలునని అనగలిగాడు. లోబడడమంటే బలహీనత అనుకునే శ్రోతకు ఈ ఒక్క పాఠం కోసమైనా పాఠ్యక్రమంలో చేరవచ్చునని చెప్పగలను.

నా అభ్యంతరమంతా ఆరవ పాఠం మీదనే. అప్పటివరకు దేవుని అధికారం గురించి మాట్లాడిన బోధకుడు ఇక్కడ ఎటువంటి హెచ్చరికా లేకుండా సంఘ నాయకుల అధికారంలోకి జారుకుంటాడు. దేవుడు అభిషేకించినవారిని ముట్టకూడదన్న 105వ కీర్తనలోని మాటను చూపి, కాపరిని ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడమేనని తేల్చివేస్తాడు. ఆ కీర్తనను ముందు వచనాలతో కలిపి చదివితే, అక్కడ అభిషిక్తులంటే సొంత భూమి లేక దేశం నుండి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. ఆ హెచ్చరిక అందుకున్నవారు రాజులు. అధికారంలో ఉన్నవారిని గద్దించిన మాటను వారికే కవచంగా తొడగడం నాకు చాలా బాధ కలిగించింది. ప్రవక్తయైన నాతాను రాజైన దావీదును నిలదీసినప్పుడు గాని, అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించినప్పుడు గాని దేవుని అధికారానికి భంగం కలగలేదు; వారు ఆ అధికారానికి లోబడినందుననే అలా మాట్లాడగలిగారు. ఆధిపత్యం చేయక మందకు మాదిరులుగా ఉండుడని పెద్దలకు చెప్పిన 1 పేతురు 5వ అధ్యాయం పాఠమంతటిలో ఒక్కసారి కూడా వినబడలేదు.

ఐదవ పాఠంలోనూ ఇదే అసమతుల్యత చిన్న పాళ్లలో ఉంది. ప్రభుత్వాలకు లోబడుమన్న రోమా 13వ అధ్యాయాన్ని వివరంగా చెప్పి, మనుష్యులకు కాదు దేవునికే లోబడవలెనన్న అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయాన్ని రెండు వాక్యాలతో దాటవేశారు. ఐగుప్తు రాజు ఆజ్ఞను కాదని మగశిశువులను బ్రదికించిన మంత్రసానులు షిఫ్రా, పూయాల ప్రస్తావనే లేదు. 1934లో జర్మనీలోని బార్మెన్ పట్టణంలో నాజీ ప్రభుత్వపు జోక్యాన్ని నిరాకరిస్తూ, సంఘం వినవలసిన ఏకైక వాక్కు యేసుక్రీస్తేనని క్రైస్తవులు ప్రకటించిన సందర్భం ఇక్కడ చక్కగా అమరేది.

అభ్యాస పుస్తకం సాధారణం. ఖాళీలు పూరించే ప్రశ్నలు ఎక్కువ, ఆలోచింపజేసేవి తక్కువ. యాకోబు 4వ అధ్యాయంలోని “ప్రభువు చిత్తమైతే” అన్న మాటపై మాత్రం ఒక మంచి అభ్యాసం ఉంది: రాబోయే వారం కోసం వేసుకున్న ప్రణాళికలను వ్రాసి, వాటిలో దేనిని వదులుకోవడానికి సిద్ధంగా లేమో గుర్తించమంటారు. నా కాగితం మీద మూడు మిగిలాయి.

వ్యక్తిగత ధ్యానానికి మొదటి నాలుగు పాఠాలను నిస్సంకోచంగా సూచిస్తాను. సంఘంలో బృందంగా వినదలచినవారు మాత్రం ఆరవ పాఠానికి ముందు 105వ కీర్తనను, 1 పేతురు 5వ అధ్యాయాన్ని పూర్తిగా చదివి, ఆ తరువాతనే ఆడియో వినడం మంచిది.