అబద్ధానికి పట్టే సమయం: ‘క్యాథరిన్’ ఆటలో కథ నడక

వివాహేతర సంబంధాల చుట్టూ తిరిగే పెద్దల ఆటలు కంప్యూటర్లో కొల్లలుగా దొరుకుతున్నాయి గాని, వాటిలో చాలా వరకు ఒకేచోట తడబడతాయి. భర్తో భార్యో మొదటి పావుగంటలోనే గడప దాటేస్తారు. ఏ కాపురం చెడుతున్నదో, ఆ ఇద్దరి మధ్య అంతకుముందు ఏముండేదో మనకు తెలిసే లోపలే చెడవలసినదంతా చెడిపోతుంది. ఆ తరువాత మిగిలేది ఒక్కొక్క దృశ్యం తెరుచుకోవడానికి పాయింట్లు కూడబెట్టడమే: పొద్దున ఉద్యోగం, సాయంత్రం మాటలు, రాత్రి నిద్ర, మళ్లీ పొద్దున ఉద్యోగం. 2004లో వచ్చిన రెన్‌పై అనే ఉచిత సాధనం పుణ్యమా అని ఇలాంటి బొమ్మల కథను ఇప్పుడు ఒక్క మనిషే కూర్చుని తయారు చేయగలుగుతున్నాడు, అది సంతోషించవలసిన విషయమే. అయితే నెలనెలా చందా కట్టే అభిమానుల కోసం ముక్కలు ముక్కలుగా విడుదల చేసే పద్ధతిలో కథ ముగించాలన్న అవసరం ఎవరికీ ఉండదు కనుక, బయటపడవలసిన రహస్యం ఎంతకాలమైనా బయటపడదు. మొదట విపరీతమైన తొందర, తరువాత అంతులేని సాగతీత.

ఈ రెండు దోషాలకూ చాలా మేరకు దూరంగా ఉన్నందువల్లనే నేను ‘క్యాథరిన్’ను సమీక్షకు ఎంచుకున్నాను. జపాన్‌కు చెందిన అట్లస్ సంస్థ కట్సురా హషినో దర్శకత్వంలో దీన్ని 2011లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాల కోసం విడుదల చేసింది. 2019 జనవరిలో ‘క్యాథరిన్ క్లాసిక్’ పేరుతో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం ద్వారా కంప్యూటర్లకు కూడా వచ్చింది. అమెరికాలో దీనికి 17 ఏళ్లు, ఆపై వయసువారికి అన్న గుర్తు ఉంది. ఒళ్లు చూపించే దృశ్యాల కోసం కొనేవారికి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు; ఎత్తుకున్న విషయం వల్లనే ఇది పెద్దల ఆట అయింది.

కథానాయకుడు విన్సెంట్ బ్రూక్స్‌కు 32 ఏళ్లు. చాలాకాలంగా తనతో ఉన్న క్యాథరిన్ మెక్‌బ్రైడ్ పెళ్లి మాట ఎత్తగానే అతనికి గొంతులో వెలక్కాయ పడుతుంది. ఒక రాత్రి ‘స్ట్రే షీప్’ అనే బార్‌లో మరో క్యాథరిన్ అతని బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, తెల్లవారి లేచి చూస్తే ఆమె అతని మంచం మీద ఉంటుంది. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి ఇక్కడ పాత ఆమెను మెక్‌బ్రైడ్ అనే వ్యవహరిస్తాను. వారికి పెళ్లి కాలేదు గనుక ఇది వివాహేతరం కిందికి రాదని ఎవరైనా వాదించవచ్చు గాని, ఒక మనిషి నమ్మకం మీద నిలబడి ఆ నమ్మకాన్నే తొలిచే కథ ఇది. తాళి లేనంత మాత్రాన దాని తీవ్రత తగ్గదు.

ఆటలో ప్రతి రోజూ మూడు భాగాలుగా నడుస్తుంది. పగలు చిన్న దృశ్యాలు, సాయంత్రం బార్, రాత్రి పీడకల. నా దృష్టిలో ఆటకు ప్రాణం బార్‌లోనే ఉంది. అక్కడ ఎవరితో మాట్లాడినా గడియారం ముందుకు జరుగుతుంది. ఒకరి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే మరొకరు లేచి ఇంటికి వెళ్లిపోతారు. నిద్రలోనే చనిపోతున్న మగవాళ్ల గురించి టీవీలో వార్తలు, వాటి మీద పక్క బల్లల వాళ్ల ఊహాగానాలు, వాటి నడుమ స్నేహితుల సలహాలు వినిపిస్తుంటాయి. మనం మాట కలపకుండా వదిలేసిన మనిషి కొన్నాళ్లకు ఆ వార్తలోనే చేరవచ్చు. కథ మనల్ని తరమదు, అలాగని మన కోసం ఆగదు కూడా. తప్పు చేసినవాడికి సాయంకాలాలు ఎలా గడుస్తాయో ఇంత ఓపికగా చూపిన ఆటను నేను మరొకటి ఎరుగను.

ఆ బల్ల మీదే విన్సెంట్ ఫోన్ మోగుతుంది. వచ్చిన సందేశానికి మనమే జవాబు రాయాలి, అది కూడా వాక్యం తరువాత వాక్యంగా. ఒక వాక్యం నచ్చకపోతే చెరిపి మరొకటి ఎంచుకోవచ్చు, అసలు పంపకుండా ఊరుకోవచ్చు. కొత్త క్యాథరిన్ పంపిన ఫొటోలు చూడాలంటే నలుగురి మధ్య నుంచి లేచి టాయిలెట్‌కు వెళ్లాలి. చేతులకు ఇంతకుమించి పని లేదు గాని, అబద్ధం ఆడడంలో ఉన్న శ్రమ అంతా అక్కడే తెలిసివస్తుంది. అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో భార్య కువైట్‌లోనో భర్త మస్కట్‌లోనో ఉండగా ఏళ్ల తరబడి ఫోన్‌లోనే సాగే కాపురాలను చూస్తూ పెరిగిన మా కోనసీమ వారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. “తిన్నావా?” అన్న ప్రశ్నకు జవాబు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ రెండు నిమిషాల్లో ఎన్ని ఆలోచనలు పుడతాయో, పొడి మాటల్లో రాసిన జవాబు ఎదుటి మనిషిని ఎంత దూరంగా నెడుతుందో మాకు తెలుసు. ఆ ఆలస్యాన్నీ ఆ పొడితనాన్నీ ఆటగా మలచగలిగిన రచన మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

పీడకలలో విన్సెంట్ దిమ్మెలను లాగుతూ, నెడుతూ, మెట్లుగా పేర్చుకుంటూ పైకి ఎక్కాలి. కింద అంతస్తులు ఒక్కొక్కటే కూలిపోతుంటాయి. అతను తప్పించుకోజూసేవే పెళ్లికూతురిగానూ పసిబిడ్డగానూ వికృత రూపాలు దాల్చి వెంటపడతాయి. రెండు ఎక్కుడుల మధ్య ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉంటుంది. గొర్రెల రూపంలో ఉన్న తోటి మగవాళ్లతో అక్కడ మాట్లాడవచ్చు, ఆ తరువాత ఒక చిన్న గదిలో కూర్చుని పెళ్లి గురించో విధేయత గురించో అడిగే సూటి ప్రశ్నకు జవాబు చెప్పాలి. గోదావరి కాలువల్లో లాకు దగ్గర పడవ లోపలికి చేరాక వెనుక తలుపు మూసి, నీరు సమమట్టానికి వచ్చేదాకా నిలిపి, అప్పుడే ముందు తలుపు తెరిచేవారు. ఈ మజిలీలు కథకు చేసే మేలు సరిగ్గా అటువంటిది. ప్రశ్నలకు మనం చెప్పే జవాబులను బట్టి ఒక ముల్లు అటూ ఇటూ కదులుతుంది గాని, అది కొలిచేది పాపపుణ్యాలను కాదు. మనసు కట్టుబాటు వైపు మొగ్గుతున్నదా, స్వేచ్ఛ వైపు మొగ్గుతున్నదా అన్నదే దాని లెక్క. తీర్పు చెప్పకపోవడం వల్ల ఆడేవాళ్లు నిజాయితీగా జవాబు చెప్పగలుగుతారు.

ఇక లోపాలు. కొన్ని దిమ్మెల మెట్లు మరీ కఠినం, వాటి దగ్గర కథ గంటల కొద్దీ ఆగిపోతుంది. సులభ స్థాయి ఎంచుకుంటే వేసిన అడుగును వెనక్కి తీసుకునే వీలుంది కనుక దీన్ని దాటవచ్చు. అంతకంటె పెద్ద లోపం విన్సెంట్ ప్రవర్తనలో ఉంది. మనం సందేశాల్లో ఎంత స్పష్టంగా రాసినా, ముల్లు ఏ వైపు ఉన్నా, మరునాటి దృశ్యంలో అతను అదే నత్తి మాటలతో, అదే పిరికితనంతో నీళ్లు నములుతాడు. మన ఎంపికల ఫలితం ముఖ్యంగా చివర్లోనే, ఎనిమిది ముగింపుల్లో ఏది వస్తుందన్న చోటనే కనిపిస్తుంది. మెక్‌బ్రైడ్ విషయంలో అన్యాయం మరింత ఎక్కువ. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకుంటుందో చూపే దృశ్యాలు దాదాపు లేవు. మోసపోతున్న మనిషిని మోసగాడి భయంలోంచి మాత్రమే చూస్తాం.

కథ మలుపును ముందుగా తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ పేరాను వదిలేయాలి. మూడు వంతులు ఇంత నింపాదిగా నడిచిన కథ చివరి వంతులో, ఆ రాత్రి పరిచయం వెనుక మానవాతీత శక్తుల చేతివాటం ఉందని బయటపెడుతుంది. ఆ క్షణం నుంచి వేగం పెరుగుతుంది, ఉత్కంఠ కూడా పెరుగుతుంది. కానీ విన్సెంట్ మోయవలసిన బరువులో సగం మరొకరి భుజాల మీదికి వెళ్లిపోతుంది. ఒక మామూలు మనిషి మామూలు బలహీనతతో చేసిన తప్పుగానే దీన్ని చివరిదాకా నడిపి ఉంటే, ఆ బార్ సాయంకాలాలకు తగిన ఫలితం దక్కేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2019లోనే వచ్చిన విస్తరించిన రూపం ‘ఫుల్ బాడీ’లో రిన్ అనే మూడో పాత్రను చేర్చారు. ఆ పాత్ర సౌమ్యంగా ఉంటుంది, వాయించే పియానో బాగుంటుంది, అయితే ఇద్దరి మధ్య బిగుతుగా ఉన్న తాడు మూడు వైపులా లాగడంతో సడలింది. దిమ్మెల మెట్లను పూర్తిగా దాటవేసే సదుపాయం కూడా అందులో ఉంది. దాన్ని వాడవద్దని నా విన్నపం, ఎందుకంటే రాత్రి అలసట లేకుండా మరునాటి సాయంత్రం బార్‌లో కూర్చుంటే ఆ ఫోన్ మోగడంలో భయం ఉండదు.

కొత్తగా కొనేవారికి కంప్యూటర్ మీద ‘క్లాసిక్’నే సూచిస్తాను. ఇంగ్లీషు చదవగలిగితే చాలు, సంభాషణలు కింద అక్షరాల్లో కనిపిస్తాయి. పూటకు ఒక్క రోజు కథ మాత్రమే ఆడండి. 2023లో వచ్చిన 8.1 కూర్పు నుంచి రెన్‌పైలో మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయి కాబట్టి, తెలుగులో ఇలాంటి కథ తలపెట్టేవారు విన్సెంట్ ఫోన్‌ను శ్రద్ధగా పరిశీలించాలి, రాజోలు నుంచి మస్కట్‌కు వెళ్లే ఒక్క సందేశంతో మొదలుపెట్టాలి, దాన్ని అందుకునే మనిషికి కూడా సొంత దృశ్యాలు రాయాలి.