‘గుండ్రని భూమి’ అని రాసిన ఆట కొనేముందు పటం పై అంచు చూడండి

బెంగళూరులో దసరా సెలవులకు పిల్లల ఆటలు కొనబోతున్న తెలుగువారికి ఒక హెచ్చరిక. పోయిన వారం జయనగర్‌లోని ఒక దుకాణంలో 2,450 రూపాయలు పెట్టి విమానాల ఆట కొన్నాను. పెట్టె మీద ‘నిజమైన గుండ్రని భూమిపై ప్రయాణం’ అని పెద్ద అక్షరాలు. లోపల 36 నిలువు వరసలు, 18 అడ్డు వరసలు గీసిన ప్రపంచ పటం. గడికి పది డిగ్రీలు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు విమానం నడిపిన సంగతి ఏడో తరగతి చదివే మా అమ్మాయికి ఎంతో ఇష్టం. తన బొమ్మ విమానాన్నీ అదే దారిలో పైకి జరిపింది. పై అంచు దాటగానే, ఆట నియమం ప్రకారం, అది కింది అంచులో తేలింది. “అమ్మా, ధ్రువం దాటితే రష్యా రావాలి కదా, అంటార్కిటికా వచ్చిందేమిటి?” అని అడిగింది. తప్పు పిల్లది కాదు, ఆటదే.

గోళాన్ని సాగదీయకుండా బల్లపరుపుగా పరచలేమని జర్మన్ గణిత శాస్త్రవేత్త గాస్ 1827లోనే నిరూపించాడు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి చుట్టుకొలత భూమధ్యరేఖ దగ్గరున్నదానిలో సగమే అయినా పటంలో రెండు చోట్లా 36 గడులే ఉంటాయి. దానికి నేను తప్పు పట్టను. ఎడమ అంచును కుడి అంచుతో కలపడమూ సరైనదే. పై అంచును కింది అంచుతో కలపడం మాత్రం అబద్ధం. కాగితం చుట్టి చూడండి: ముందు గొట్టం అవుతుంది, ఆ గొట్టం రెండు చివరలూ కలిపితే నడుమ చిల్లుతో గారె అవుతుంది. భూమికి అలాంటి చిల్లు లేదు.

ధ్రువం దాటిన విమానం అదే పై వరసలో, సగం పటం అవతల దిగాలి. అప్పుడు, మూలలకూ జరపవచ్చు కనుక, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు 13 గడులు. ఈ ఆటలో పసిఫిక్ మీదుగా 16, అంటార్కిటికాను తాకి వచ్చినా 16! అమ్మాయి వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టింది. భూగోళం నేర్చుకునే వయసు పిల్లలకు డబ్బు తీసుకుని ఇలాంటిది అంటగట్టడం నాకు చాలా కోపం తెప్పించింది.

సీలు తీసిన పెట్టెను వెనక్కి తీసుకునేది లేదని దుకాణంలో కచ్చితంగా చెప్పేశారు. అందుకే డబ్బు కట్టకముందే పై అంచు ఎక్కడికి కలుస్తుందో అడగండి.

ఇప్పటికే కొన్నవారు పై వరసకు 1 నుంచి 36 వరకు అంకెలు వేయండి. 1 నుంచి పైకి వెళ్తే 19లో, 2 నుంచి వెళ్తే 20లో దిగాలి. కింది వరసకూ ఇదే పద్ధతి. నిన్న రాత్రి మేము చిన్న కాగితాలు అంటించి ఆడాం. విమానం 6 నుంచి 24కు దాటి, రష్యా మీదుగా సరిగ్గా 13వ గడికి బెంగళూరు చేరింది.